బాటసారి గ్లాసు

దూరం నడిచేవాళ్లకి తూకం పిచ్చి ఉంటుంది. వీపుసంచిలోకి ఏది వెళ్లాలన్నా ముందు కాటా ఎక్కాల్సిందే. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేస్తారు. చొక్కా మెడ దగ్గరి లేబులు కత్తిరించి పారేస్తారు. అమెరికాలో ఈ పిచ్చికి ఒక హద్దు కూడా గీసుకున్నారు: తిండి, నీళ్లు, పొయ్యిలోకి ఇంధనం మినహాయించి సంచి మొత్తం నాలుగున్నర కిలోలు దాటకూడదు. అక్కడ అప్పలేచియన్ బాట అని ఒకటుంది, ఇప్పటి లెక్కన సుమారు 3,500 కిలోమీటర్లు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల పెద్దావిడ, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి ఒకటి భుజాన వేసుకుని ఆ బాటంతా ఒంటరిగా నడిచేసింది. డేరా లేదు, వానొస్తే స్నానాలగది తెర కప్పుకునేది. తేలిక సంచుల వాళ్లు ఈనాటికీ ఆవిడ పేరే చెప్పుకుంటారు.

ఈ పిచ్చి తప్పని నేననను. వేల కిలోమీటర్లు నడిచేవాడికి మోకాళ్లున్నాయి, వాటికో ఓపిక ఉంది. కానీ మిగతా వస్తువుల్లో బాగా పనికొచ్చే ఈ లెక్క, తాగే గ్లాసు దగ్గరికొచ్చేసరికి దారి తప్పుతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గ్లాసు గురించే.

నేనుండేది సూరత్‌లో, తాపీ నది అవతలి ఒడ్డున, అడాజన్‌లో. సూరత్ తెలుగువాళ్లంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మరమగ్గాలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు లింబాయత్, డిండోలీ ప్రాంతాల్లో తరాలుగా ఉన్నారు. అడాజన్‌లో మేం కాస్త పలచగా, అపార్ట్‌మెంటుకొకరం అన్నట్టు ఉంటాం. ఇటువైపు గుజరాతీలకి నడకంటే సరదా ఎక్కువ. వానలు పడగానే డాంగ్ అడవులకు పోతారు. వేసవి సెలవులొస్తే యూత్ హాస్టల్స్ వాళ్ల శిబిరంలో చేరి హిమాచల్‌లో సార్ పాస్ ఎక్కడానికి బారులు తీరతారు. ఏప్రిల్ నెలలో పొద్దున్నే సర్దార్ వంతెన మీదికి వెళితే, బరువైన సంచి వీపున వేసుకుని నడక సాధన చేసేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు.

వీటన్నిటినీ మించినది నర్మదా పరిక్రమ. సూరత్‌లో రైలెక్కితే గంటలో అంకలేశ్వర్, ఆ పక్కనే నర్మద. నది పొడవు 1,312 కిలోమీటర్లు. దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, ఎక్కడా దాటకుండా, రెండు ఒడ్లూ చుట్టి రావాలి. అంటే సుమారు 2,600 కిలోమీటర్ల నడక. మా వైపు ఒడ్డున నడిచేవాళ్లు అంకలేశ్వర్, హాన్సోట్ దాటి సముద్రం దగ్గర విమలేశ్వర్ చేరతారు. అక్కడ మాత్రం పడవెక్కి అవతల మీఠీ తలాయీలో దిగుతారు. గుజరాతీలకు ఈ నడక రుచి చూపించినవాడు అమృత్‌లాల్ వేగడ్ అనే చిత్రకారుడు. జబల్‌పూర్ మనిషి. 1977లో మొదలుపెట్టి, విడతలు విడతలుగా నడుస్తూ, బొమ్మలు గీస్తూ, పుస్తకాలు రాశాడు. గుజరాతీలో రాసిన నర్మద పుస్తకానికి 2004లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మనవాళ్లలో ఈ పరిక్రమ మాట గట్టిగా వినబడటం 2024 మే నెలలో నర్మదా పుష్కరాలు వచ్చాక మొదలైంది. మునకలు వేసి వచ్చినవాళ్లు ఈసారి నడుస్తామంటున్నారు. నడుస్తామన్న వెంటనే ఏం మోసుకెళ్లాలని అడుగుతున్నారు. చెప్పులు, దుప్పటి అయ్యాక వచ్చే ప్రశ్న గ్లాసే.

మన యాత్రాగ్రంథాల్లో ముందు వరసలో ఉండే ఏనుగుల వీరాస్వామయ్యకు ఈ బెంగ లేదు లెండి. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మరుసటేడు సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆయన పల్లకీలో, వందమంది దాకా పరివారంతో వెళ్లాడు. గ్లాసు బరువు ఆయన మొయ్యలేదు.

మనమే మోసేట్టయితే, అసలు గ్లాసు బరువెంతో చూద్దాం.

అడాజన్‌లో పాత్రల కొట్టుకు వెళ్లి, ఇంట్లో మంచినీళ్లకు వాడే మామూలు స్టీలు గ్లాసు, పాతిక ముప్పై సెంటీలీటర్లు పట్టేది, రేకు పలచగా ఉన్నది ఒకటి తీసుకోండి. పక్కన చిరుతిళ్లమ్మే ఫర్సాణ్ కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి. 60 నుంచి 80 గ్రాములు చూపిస్తుంది. ధర వందా నూటయాభై. ఇప్పుడు కొండలెక్కేవాళ్లు మోజుపడే టైటానియం కప్పు. 450 మిల్లీలీటర్లది, ఒంటిపొరది, మడిచే పిడితో సహా ఇంచుమించు 70 గ్రాములు. ధర వేలల్లో.

టైటానియం స్టీలుకంటే తేలికన్న మాట నిజమే. ఒక ఘన సెంటీమీటరు స్టీలు ఎనిమిది గ్రాములు తూగితే టైటానియం నాలుగున్నర, అల్యూమినియం రెండు పాయింట్ ఏడు. అయినా కాటా మీద అంత తేడా ఎందుకు రాదు? రేకు మందం వల్ల. ఇది లింబాయత్‌లో మగ్గం నడిపే ఎవరికైనా చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది. ఏ నూలుతో నేశామన్నది ఒక లెక్క, ఎన్ని డెనియర్ల దారమన్నది ఇంకో లెక్క. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సన్నదారం వేస్తే అదే పాలిస్టరు గాలికెగిరే చీరవుతుంది, లావుదారం వేస్తే వీపుసంచి అవుతుంది. గ్లాసులూ అంతే. అల్యూమినియం మెత్తన, సొట్టలు పడుతుంది కాబట్టి రేకు బాగా మందంగా తీస్తారు, దాంతో దాని తేలికదనం చాలావరకు హరించుకుపోతుంది. స్టీలు గట్టిది, పావు మిల్లీమీటరుకు కాస్త పైనున్నా నిలబడుతుంది. ఒకే కొలత, ఒకే మందంతో చేస్తే టైటానియందే గెలుపు. కానీ ఇంటి గ్లాసు చిన్నది, పలచనిది, పిడి లేనిది. అందుకని పక్కపక్కన పెడితే రెండూ ఇంచుమించు సమానం.

తేడా పది గ్రాములుందనుకుందాం. వజ్రాలు సానబట్టే మా ఊళ్లో అది యాభై క్యారెట్లు, ఇల్లు కొనుక్కోవచ్చు. నడిచేవాడికి మాత్రం పది గ్రాములంటే రెండు చెంచాల నీళ్లు. సీసాలో లీటరు నీళ్లు కిలో బరువు. బావి దగ్గర కడుపునిండా తాగకుండా, ముందు ఊళ్లో దొరుకుతాయో లేదోనని అరలీటరు అదనంగా పట్టుకెళ్లినవాడు అరకిలో మోస్తున్నాడు. ఆ అరకిలో ముందు ఏ లోహపు లెక్కా నిలవదు. గ్లాసుతో బరువు తగ్గించుకోవాలంటే దారి ఇదే: నీళ్లున్న చోట హాయిగా, తొందరగా, తృప్తిగా తాగనిచ్చే గ్లాసు కావాలి.

పరిక్రమ పూర్తిచేసిన సిరిసిల్ల ఆయన ఒకరు లింబాయత్‌లో ఉన్నారు. మగ్గం పని మానేసి చాలాకాలమైంది. నా చేతిలో టైటానియం కప్పు తిప్పి తిప్పి చూసి, "గీ గిలాసకు గన్ని పైసలా తమ్మీ?" అన్నాడు. "తేలిక కదన్నా" అన్నాను. "నీళ్లకు గిలాసెందుకే? దోసిలి లేదా? గిలాస చాయకు గావాలె, అంబలికి గావాలె."

"ఒక్కడివే ఉన్నప్పుడు బోరింగు కొడుతూ దోసిలి ఎట్లా పడతావన్నా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "గది నిజమే. గప్పుడు గిలాస కింద పెట్టి కొట్టాలె. గని గది పడిపోవద్దు."

ఈ చివరి మాట ఏ దుకాణంవాడూ చెప్పడు. పల్లెల్లో బోరింగు పంపు దగ్గర గచ్చు పాచిపట్టి ఏటవాలుగా ఉంటుంది. పిడి కొట్టగానే నీళ్లు దబ్బున పడతాయి. సిలికోన్‌తో చేసిన మడత కప్పు ఆ ధారకే కూలబడుతుంది. పల్చటి ప్లాస్టిక్ కప్పు ఎగిరి కాలవలో పడుతుంది. మడమ ఉన్న, అడుగు కాస్త వెడల్పైన స్టీలు గ్లాసు కదలకుండా నిలబడుతుంది. మడత కప్పు చోటు మిగులుస్తుందే గాని బరువు పెద్దగా మిగల్చదు. పైగా వేడి చాయ్ పోశాక వేళ్లతో కాస్త నొక్కితే చాలు, చాయ్ పొంగి చేతి మీదికి వస్తుంది. నాకు అది నచ్చదు.

దోసిలి అందని మరో చోటు చెలమ. ఎండాకాలం ఏటి ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీళ్లు. పెన్నా ఒడ్డు వాళ్లకి చెప్పనక్కర్లేదు. నాలుగు వేళ్ల లోతు నీళ్లలో సీసా మునగదు, ఇసుక కదలకుండా పైపైన తేర్చి తీయాలి. అమెరికా కొండల్లో సియెర్రా కప్పు అని వెడల్పు మూతి, తక్కువ లోతు ఉన్నది ఒకటి వాడతారు, ఇలాంటి సన్నవాగుల్లో అది బాగా పనికొస్తుంది. తీసుకున్న నీళ్లు వడగట్టో, కాచో తాగాలన్నది వేరే చెప్పాలా.

ఇక తాగే పద్ధతి. అంగళ్లలో అమ్మే కప్పులన్నీ పెదవికి ఆనించుకుని తాగేవాళ్లకోసం చేసినవి. మనలో చాలామంది నీళ్లు ఎత్తి పోసుకుంటాం. ఎంగిలి చెయ్యం. దీనివల్ల నడకలో పెద్ద సుఖముంది: నలుగురు కలిసి వెళితే నీళ్లకు ఒక్క గ్లాసు చాలు. గ్లాసు వల్ల జలుబొకటి నలుగురికీ అంటుకోదు. కానీ ఎత్తి పోసుకోవాలంటే గ్లాసు అంచు బయటికి చుట్టి ఉండాలి. అప్పుడే ధార తెగి సూటిగా పడుతుంది. గీసినట్టున్న నిలువు అంచు కప్పుల్లో నీళ్లు బయటి గోడవెంట జారి చొక్కాలోకి పోతాయి. మన కాఫీ గ్లాసు అంచు అలా బయటికి ఎందుకు వాల్చారో, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పొగలు కక్కే కాఫీ తాగినవాళ్లందరికీ తెలుసు. పట్టుకోవడానికీ అదే, పొయ్యడానికీ అదే. పిడి అక్కర్లేదు. పిడి లేకపోతే ఒక పదిహేను గ్రాములు తగ్గినట్టే.

చాయ్ సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఆ సిరిసిల్ల ఆయన అన్నట్టు గ్లాసు నిజంగా అవసరమయ్యేది అక్కడే. పెదవి కాలడానికి కారణం చాయ్ ఒక్కటే కాదు, అంచు కూడా. అల్యూమినియం వేడిని స్టీలుకంటే పదిరెట్లు మించి వేగంగా మోసుకొస్తుంది. చాయ్ అడుగున ఉన్నా అంచు సుర్రుమంటుంది. స్టీలూ టైటానియమూ ఈ విషయంలో అన్నదమ్ములు, వేడి నెమ్మదిగా పాకుతుంది, చాయ్ తగలని అంచు ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. ప్లాస్టిక్‌లో, అంటే పాలీప్రొపిలీన్‌లో, అసలు కాలదు. బరువూ ఈ లోహాలన్నిటికంటే తక్కువ, నీళ్లలో తేలుతుంది కూడా. మరి అదే తీసుకోవచ్చు కదా? డాంగ్‌లో వానాకాలపు రెండ్రోజుల నడకకైతే అదే తీసుకోమంటాను. నెలల నడకకు మాత్రం వద్దంటాను. చాయ్ వాసన, కూర నూనె దానికి పట్టుకుని సబ్బు లేకుండా వదలవు. పైగా సున్నా డిగ్రీల దగ్గర పెళుసెక్కుతుంది, సార్ పాస్ మంచులో రాయి మీద పడితే పగులుతుంది.

ఎత్తు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. సార్ పాస్ దగ్గర దగ్గర 4,200 మీటర్లు. అక్కడ నీళ్లు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. చాయ్ కిందకంటే చల్లగానే గ్లాసులోకి వస్తుంది, గాలికి రెండు నిమిషాల్లో నీళ్లయిపోతుంది. కాబట్టి అక్కడ పెదవి కాలడం సమస్య కాదు, చల్లారిపోవడమే సమస్య. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క రెండు మడతలు వేసి పైన మూసుకుంటే రెండు గ్రాముల్లో మూత తయారు. రెండు పొరల కప్పు కొంటారు కొందరు. వేడి బాగానే నిలుస్తుంది, బరువు వంద గ్రాములు దాటుతుంది. అయితే దాన్ని పొరపాటున కూడా పొయ్యి మీద పెట్టకూడదు. పొరల మధ్య చిక్కుకున్న గాలి ఉబ్బి అతుకు పగులుతుంది. సూరత్‌లో మాత్రం బెంగ ఎప్పుడూ వేడి గురించే. ఇక్కడ చాయ్ రకాబీలో పోసుకుని తాగడం అలవాటు. వెడల్పుగా పరుచుకున్న చాయ్ క్షణాల్లో చల్లారుతుంది. ఒకరి చాయ్ ఇద్దరికి అవుతుంది.

గుజరాత్ దారుల్లో ఎక్కడ ఆగినా మజ్జిగ పోస్తారు. ఆశ్రమంలో పప్పు పులుపుగానే ఉంటుంది. అందుకే పైపూత లేని అల్యూమినియం గ్లాసు నాకు పనికిరాదు, పులుపు దాన్ని తింటుంది. ఇత్తడి, రాగి చెంబులదీ అదే కథ, కళాయి పోతే చిలుం పడతాయి. ఇక అందంగా కనబడే వెదురు కప్పులని అమ్ముతున్నారే, వాటిలో వెదురు పొడిని పట్టి ఉంచేది మెలమైన్ జిగురు. వేడి పానీయాలు పోస్తే ఫార్మాల్డిహైడ్ దిగుతుందని జర్మనీ ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. వాటి జోలికి పోకండి.

అన్నిటికంటే తేలికైన గ్లాసు కొట్టులో దొరకదు, చెట్టుకి కాస్తుంది. సాధువులు పట్టుకునే కమండలం అసలు రూపం ఎండిన సొరకాయ బుర్రే. మన గోండులు, కోయలు నీళ్లకు ఇప్పటికీ అది వాడతారు. తెలంగాణలో తాటివనంలో కూర్చుని కల్లు రేకలో తాగిన వాళ్లకి బరువు సమస్యేమిటో అర్థం కూడా కాదు. డాంగ్ అడవుల్లో మోదుగ విరివిగా ఉంది. దాని ఆకుతో ఇక్కడివాళ్లు పడియా కుడతారు, మన దొప్పే. మజ్జిగకు అద్భుతం. చాయ్ పోస్తే మాత్రం కుట్టు దగ్గర కారుతుంది. గిర్నార్ కొండ చుట్టూ కార్తీకంలో ఏకాదశి నుంచి పున్నమి దాకా జరిగే 36 కిలోమీటర్ల లీలీ పరిక్రమలో, అది సింహాల అడవి కాబట్టి, ప్లాస్టిక్ తేవద్దని కట్టడి ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు నిషేధం. కాగితం కప్పు ఉందిగా అంటారు. దాని లోపలి పూతా సాధారణంగా ప్లాస్టిక్కే. సంచిలో సొంత గ్లాసు ఉన్నవాడికి ఈ గొడవలేవీ లేవు.

మరి నేనేం తీసుకోమంటాను? ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దారిలో మీరు వండుకుంటారా? వండుకునేట్టయితే టైటానియం డబ్బు దండగ కాదు. అరలీటరు నుంచి 650 మిల్లీలీటర్ల దాకా పట్టే ఒంటిపొర కప్పు కొనండి. అందులోనే చాయ్ కాచి, అందులోనే అటుకులు నానబెట్టి, అందులోనే తాగుతారు. గిన్నె ఇంట్లో ఉండిపోతుంది. గ్లాసు తేలికయ్యేది తన బరువు వల్లకన్నా, ఇంకో వస్తువుని సంచిలోంచి దింపినప్పుడే. పరిక్రమలాగా ఆశ్రమాల్లో, ఊళ్లలో పెట్టింది తింటూ వెళ్లేట్టయితే, పొయ్యి ఉండదు కాబట్టి టైటానియానికి పని లేదు. అంచు చుట్టిన, మడమ ఉన్న, పలచని స్టీలు గ్లాసు. దాని మీద మీ ఇంటిపేరు చెక్కి ఉంటే మరీ మంచిది, యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టే సదావ్రత్‌లో వంద గ్లాసుల మధ్య మీది మీకు దొరుకుతుంది. శిబిరాల్లో హిమాలయం ఎక్కేవాళ్లు మాత్రం పిడి ఉన్న స్టీలు మగ్గు తీసుకోండి. చేతికి ఉన్ని గ్లౌజు వేసుకుని గ్లాసు అంచు పట్టుకోవడం కుదరదు.

కొనేముందు రెండు పనులు చెయ్యండి. లీటరు నీళ్ల సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, దాని అడుగు గ్లాసులో కూర్చుంటుందో లేదో చూడండి. కూర్చుంటే సంచిలో గ్లాసుకి వేరే చోటు వెతకనక్కర్లేదు. రెండోది, ఇంటికి తెచ్చాక పాలు చిక్కగా ఉన్న చాయ్ తాగి, గ్లాసుని అలా గంటసేపు వదిలేసి, సబ్బు ముట్టకుండా, రెండు పుడిసెళ్ల నీళ్లతో, చిటికెడు బూడిదతో తోమి చూడండి. లోపలి మూల దగ్గర వేలు అందకపోతే ఆ గ్లాసు వెనక్కిచ్చేయండి. రేకు మడతపెట్టిన సందులో పాలు పులిసి, మూడోరోజుకి చాయ్ విరిగిపోతుంది. ఆ సందు లేకుండా అడుగు గుండ్రంగా తిరిగిన గ్లాసే నడకకు పనికొస్తుంది.